ముందు చక్రం కింద కటకట: ఇంట్లో విప్పాలా, షెడ్డుకివ్వాలా, కంపెనీకి పంపాలా?

అనంతపురంలో ఐదారేళ్లు తిరిగిన చిన్న కారు ఏదో ఒక రోజు ముందు నుంచి కటకట మొదలుపెడుతుంది. హైవే 44 మీద పోతున్నంతసేపు ఏమీ వినపడదు. ఊళ్లోకి తిరిగి, తవ్వి సగం పూడ్చిన సందులోకి దిగగానే మొదలు. షెడ్డుకు తీసుకెళ్తే "సస్పెన్షన్ మొత్తం పోయింది సార్, సెట్టు మార్చాల్సిందే" అంటారు. కంపెనీ సర్వీసులో ఎస్టిమేట్ చూస్తే బండి అమ్మేద్దామా అనిపిస్తుంది. యూట్యూబ్‌లో చూస్తే అరగంటలో విప్పి బిగించేస్తుంటారు, మనమెందుకు చేయలేం అనిపిస్తుంది.

డబ్బు మిగులుతుందని మాత్రమే ఇంట్లో చేద్దామనుకుంటే, మన ఊళ్లో అది పెద్దగా మిగలదు. ఇక్కడ లేబర్ చౌక. లింక్ రాడ్లు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ను రెండు వైపులా పట్టే చిన్న కడ్డీలు) మార్చడానికి షెడ్డులో అడిగేది కొన్ని వందలు. దానికోసం మీరు ట్రాలీ జాకీ, స్టాండ్లు, టార్క్ పానా (బిగింపు కొలిచే పానా) కొంటే వేలల్లో తేలుతుంది. ఇంట్లో చేసుకుంటే వచ్చే లాభం వేరు. ఏది అరిగిందో మీ కళ్లతో చూస్తారు, నాలుగు భాగాలకు బదులు ఒక్కటే మారుస్తారు, పెట్టెలోంచి తీసిన మాలే బండికి పడిందని మీకు తెలుస్తుంది. ఆ లాభం నిజమైనదే. కానీ అన్ని భాగాలకూ వర్తించదు. ఏది ఇంట్లో, ఏది బయట అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

ధర మొదటి ప్రశ్న కాదు. మొదటి ప్రశ్న: ఆ భాగం నడిరోడ్డు మీద తెగితే ఏమవుతుంది? కొన్ని తెగితే చప్పుడు పెరుగుతుంది, అంతే. కొన్ని తెగితే చక్రం పక్కకు పడిపోతుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "సస్పెన్షన్ పని" అని పిలవడం వల్లే సగం తప్పు నిర్ణయాలు జరుగుతున్నాయి.

రెండో ప్రశ్న: స్ప్రింగును గానీ, ప్రెస్సును (భాగాలను బలంగా నొక్కి ఎక్కించే యంత్రాన్ని) గానీ ముట్టుకోవాలా? ముట్టుకోవాలంటే ఇంటి పని కాదు.

మూడోది, పని తర్వాత అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణాలు) మారుతుందా అన్నది. మారితే ఎలాగూ బండి అలైన్‌మెంట్ సెంటరుకు పోవాల్సిందే, ఆ ఖర్చు, ఆ పూట లెక్కలో వేసుకోండి.

నాలుగోది మీ జాగా. చదునుగా, గట్టిగా, నీడగా ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలో పది దాటితే ఇనుప పానా చేత్తో పట్టుకోలేం. ఆ నెలల్లో పని పడితే తెల్లారుజామునే మొదలుపెట్టాలి.

ఐదోది చిన్నగా కనిపిస్తుంది గానీ చాలామందిని ఇరికించేది ఇదే: పని మధ్యలో ఆగితే అంగడికి పోయిరావడానికి ఇంకో బండి ఉందా? ఉన్న ఒక్క కారు నాలుగు స్టాండ్ల మీద నిలబడి, నట్టు ఒకటి తల అరిగిపోయి, ఆదివారం అంగళ్లు మూసి ఉంటే ఆ టెన్షన్ వేరు.

## ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చండి

ఏ దారి ఎంచుకున్నా ఈ పని మాత్రం మీరే చేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

చిన్న చిన్న గతుకుల మీద, నెమ్మదిగా పోతున్నప్పుడు టకటకమంటుంటే మొదటి అనుమానం స్టెబిలైజర్ లింక్ రాడ్ మీద. దాన్ని నిర్ధారించుకోవడానికి ఒక మార్గం ఉంది. స్పీడ్ బ్రేకర్‌ను రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నేరుగా దాటండి. తర్వాత అదే బ్రేకర్‌ను ఏటవాలుగా, ఒక చక్రం ముందు ఒక చక్రం వెనక ఎక్కేలా దాటండి. నేరుగా దాటితే చప్పుడు లేకుండా, ఏటవాలుగా దాటితే వస్తే లింక్ రాడ్ లేదా స్టెబిలైజర్ బుష్ (బార్‌ను పట్టి ఉంచే రబ్బరు) అనుకోవచ్చు. ఎందుకంటే రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు స్టెబిలైజర్ బార్ మెలిపడదు, లింకుల మీద బరువు పడదు.

బ్రేకు వేసినప్పుడు కింద నుంచి 'ధబ్' అని ఒక్క దెబ్బ, బండి ఒక పక్కకు లాగడం, స్టీరింగు నిలకడ లేకపోవడం ఉంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి) బుష్‌లు. ఆగి ఉన్న బండిలో స్టీరింగు తిప్పుతుంటే 'టంగ్' మని స్ప్రింగు ఎగిరినట్టు శబ్దం వస్తే స్ట్రట్ (షాకబ్జర్, స్ప్రింగు కలిసిన నిలువు భాగం) పైన ఉండే మౌంట్ బేరింగు. బానెట్ తెరిచి స్ట్రట్ పైభాగం మీద చెయ్యి పెట్టి, ఇంకొకరిని స్టీరింగు తిప్పమంటే ఆ అదురు చేతికే తెలుస్తుంది. షాకబ్జర్ పోతే చప్పుడు కంటే ముందు ఊగుడు వస్తుంది, టైరు మీద అక్కడక్కడా గిన్నెల్లా అరుగుదల కనిపిస్తుంది, రాడ్ పక్కన నూనె కారి దుమ్ము పట్టి నల్లగా ఉంటుంది.

చక్రం ఎత్తి, స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదపండి. లూజు ఉంటే బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్ చివర ఉండే గుండ్రటి కీలు) మీద అనుమానం. ఎడమా కుడీ పట్టుకుని కదిపితే లూజు తెలిస్తే టై రాడ్ ఎండ్ (స్టీరింగు కదలికను చక్రానికి అందించే కడ్డీ చివరి కీలు). రెండు రకాలుగానూ లూజు ఉంటే వీల్ బేరింగు, అది వేరే కథ.

సస్పెన్షన్ కాని రెండు చప్పుళ్లు కూడా ఉన్నాయి. గతుకుల మీద వచ్చే గలగల బ్రేకు పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించగానే ఆగిపోతే అది కాలిపర్ పిన్ను లేదా బ్రేక్ ప్యాడ్. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు మాత్రమే వరసగా టిక్ టిక్ అంటే యాక్సిల్ బయటి జాయింటు. ఈ రెండింటికీ షాకబ్జర్లు మార్పించుకున్నవాళ్లు మన ఊళ్లో తక్కువేం లేరు.

## ఒక్క చూపులో

| భాగం | అరిగితే తెలిసేది | తెగితే | ఎక్కడ చేయించాలి | అలైన్‌మెంట్ |
|---|---|---|---|---|
| లింక్ రాడ్ | నెమ్మదిలో టకటక | చప్పుడు, మలుపులో ఒరుగుడు | ఇంట్లో | అక్కర్లేదు |
| స్టెబిలైజర్ బుష్ | కిర్రు, టకటక | చప్పుడు | చెయ్యి దూరే జాగా ఉంటే ఇంట్లో | అక్కర్లేదు |
| లోయర్ ఆర్మ్ బుష్ | బ్రేకులో ధబ్, పక్కకు లాగుడు | బండి నిలకడ తప్పుతుంది | ఆర్మ్ మొత్తం మారిస్తే ఇంట్లో, బుష్ ఒక్కటే అయితే ప్రెస్ దగ్గర | చేయించాలి |
| లోయర్ బాల్ జాయింట్ | చక్రంలో పైనా కిందా లూజు | చక్రం పడిపోవచ్చు | అనుభవం ఉంటేనే ఇంట్లో | చేయించాలి |
| టై రాడ్ ఎండ్ | స్టీరింగులో లూజు | ఆ చక్రానికి స్టీరింగు ఉండదు | అనుభవం ఉంటేనే ఇంట్లో | తప్పనిసరి |
| షాకబ్జర్, స్ట్రట్ మౌంట్ | ఊగుడు, నూనె, టంగ్ శబ్దం | పట్టు తగ్గుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది | విప్పడం ఇంట్లో, స్ప్రింగు షెడ్డులో | తప్పనిసరి |

ఈ పట్టిక మారుతి, హ్యుందాయ్, టాటా చిన్న కార్లలో ఎక్కువగా ఉండే మాక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్‌ను దృష్టిలో పెట్టుకుని వేసింది. బొలెరో లాంటి బండ్ల ముందు భాగం అమరిక వేరు, వాటికి ఇది అతకదు.

## ఇంట్లో చేసుకోవడం

మన ప్రాంతానికి ఒక అనుకూలత ఉంది. గాలిలో తేమ తక్కువ, ఉప్పు లేదు. నెల్లూరు, విశాఖ, చెన్నై బండ్లలో బోల్టులు తుప్పుతో అతుక్కుపోయి గ్యాస్ కట్టరు పెడితే గానీ రావు. మన దగ్గరే తిరిగిన బండిలో చాలా బోల్టులు నూనె స్ప్రే చేసి కాసేపు వదిలితే వచ్చేస్తాయి. మీది సముద్రతీరం నుంచి కొన్న సెకండ్ హ్యాండ్ బండి అయితే ఈ మాట వర్తించదు, ముందు కిందకు దూరి బోల్టులు చూసుకోండి.

జాగా విషయంలో మాత్రం ఇక్కడ ఒక చిక్కుంది. మన ఇళ్ల ముందు పరిచేది ఎక్కువగా తాడిపత్రి, బేతంచెర్ల బండలు. వాటి కింద చాలాచోట్ల ఇసుకే ఉంటుంది, అంచుల దగ్గర బోలుగా ఉంటుంది. జాకీ బరువంతా ఒక చిన్న చోట పడితే బండ పగిలి జాకీ ఒరుగుతుంది. స్టాండు కిందా, జాకీ కిందా మందపాటి చెక్క పలక వేయండి. నున్నగా పాలిష్ పట్టిన బండల మీద స్టాండ్ కాళ్లు జారతాయి కూడా, చెక్క దానికీ పనికొస్తుంది. మట్టి నేల మీద, వాలు మీద, వీధిలో సిమెంటు రోడ్డు అంచున ఈ పని పెట్టుకోవద్దు.

కారుతో వచ్చిన జాకీ టైరు మార్చడానికే. దాని మీద నిలబెట్టి బండి కిందకు తల పెట్టకూడదు. కనీసం రెండు జాకీ స్టాండ్లు ఉండాలి, వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లు అడ్డం పెట్టాలి, హ్యాండ్ బ్రేకు వేయాలి. తీసిన చక్రాన్ని పక్కన పడేయకుండా బండి కిందకు తోసి ఉంచండి. స్టాండు జారినా బండి దాని మీద ఆగుతుంది. ఇన్ని జాగ్రత్తలు చాదస్తంగా అనిపిస్తే ఈ పని మీకు వద్దు, షెడ్డుకివ్వండి.

మొదటిసారి చేసేవాళ్లు లింక్ రాడ్‌తో మొదలుపెట్టడం మంచిది. ఒక్కో రాడ్‌కు రెండు నట్లు. నట్టుతో పాటు బోల్టు కూడా తిరుగుతుంటే దాని మధ్యలో అలెన్ కీ పెట్టి పట్టుకోవాలి. చాలామంది ఇరుక్కునేది ఇక్కడ కాదు, ఒక్క పక్కే ఎత్తడం దగ్గర. ఒక చక్రం గాల్లో, ఇంకోటి నేల మీద ఉంటే స్టెబిలైజర్ బార్ మెలిపడి ఉంటుంది, పాత రాడ్ రాదు, కొత్తది రంధ్రానికి అందదు. ముందు రెండు చక్రాలూ ఎత్తితే బార్ వదులై రాడ్ చేత్తోనే వచ్చేస్తుంది. సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే బండి సరిగా ఎత్తలేదనే అర్థం.

లోయర్ ఆర్మ్ దీనికంటే ఒక మెట్టు పైన. స్విఫ్ట్ లాంటి బండ్లలో బాల్ జాయింట్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది కాబట్టి ఆర్మ్ మారిస్తే రెండూ కొత్తవైపోతాయి. బాల్ జాయింట్‌ను నకుల్‌లో (చక్రం బిగిసి ఉండే ఇనుప దిమ్మ) బిగించే బోల్టును వదులు చేయడం చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. అది జాయింటు గాడిలో కూర్చుని ఉంటుంది. జాయింటు ఊడాక నకుల్‌ను బయటికి ఎక్కువ లాగొద్దు, యాక్సిల్ లోపలి జాయింటు విడిపోతుంది. బ్రేకు హోసు మీద బరువు వేలాడనివ్వొద్దు, నకుల్‌ను బైండింగ్ వైరుతో స్ప్రింగుకు కట్టేయండి.

ఇక షెడ్డుల్లో కూడా తరచూ తప్పే విషయం. లోయర్ ఆర్మ్ బుష్ లోపల రబ్బరు ఇనుప గొట్టానికి అతికి ఉంటుంది. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు ఆర్మ్ బోల్టులు గట్టిగా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే స్థితిలో పట్టుకుపోతుంది. బండి కిందకు దించగానే మెలిపడి, నేల మీద ఉన్నంతకాలం మెలిపడే ఉంటుంది. కొత్త బుష్ ఏడాది తిరక్కుండా చిరిగిందంటే చాలాసార్లు కారణం ఇదే, తిట్లు మాత్రం కంపెనీకి పడతాయి. బోల్టులు చేత్తో బిగించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక లేదా జాకీతో ఆర్మ్‌ను ఆ ఎత్తుకు లేపి అప్పుడు చివరి బిగింపు బిగించాలి. మీరే చేసుకుంటే వచ్చే అసలు లాభం ఇలాంటి చోట్లే ఉంది.

బిగింపు లెక్క బండి మాన్యువల్‌లో ఉంటుంది, దాని ప్రకారమే టార్క్ పానా వాడండి. చిన్న కార్ల వీల్ నట్లు మామూలుగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటాయి. నైలాన్ రింగున్న నట్లు ఒకసారి విప్పితే కొత్తవి వేయాలి.

## షెడ్డు

మంచి షెడ్డు మెకానిక్ చేతికి ఉండే అనుభవం ఏ వీడియోలోనూ రాదు. చప్పుడు విని భాగం పేరు చెప్పేవాళ్లు మన దగ్గర ఉన్నారు. ప్రెస్ ఉంటుంది, లేకపోతే పక్కనే లేత్ షాపు ఉంటుంది. బోల్టు తెగితే అక్కడికక్కడే వెల్డింగ్ చేసి తీస్తారు. పొద్దున ఇస్తే సాయంత్రానికి బండి చేతికొస్తుంది.

లోటు ఎక్కడంటే, షెడ్డుకు సమయమే డబ్బు. ఏ భాగం పోయిందో వెతికి చూసే అరగంటకు ఎవరూ కూలి ఇవ్వరు, మార్చిన భాగానికే ఇస్తారు. అందుకే "మొత్తం మార్చేద్దాం" అన్న మాట తేలిగ్గా వస్తుంది. దాన్ని మోసం అనుకోనక్కర్లేదు. మీరు వెళ్లేటప్పుడు "ఏటవాలుగా బ్రేకర్ ఎక్కితే ఎడమ వైపు చప్పుడొస్తోంది, లింక్ రాడ్ చూడండి" అని చెప్తే మాట అక్కడే ఆగుతుంది. వెతికినందుకు వేరేగా డబ్బిస్తానని చెప్పి చూడండి, ఇంకా బాగా పనిచేస్తుంది.

షెడ్డు మంచిదో కాదో తెలుసుకోవాలంటే షాకబ్జర్ పని చేస్తుండగా పక్కన నిలబడి చూడండి. స్ప్రింగును నొక్కడానికి సరైన కంప్రెసర్ లేదా ప్రెస్ వాడుతున్నారా, లేక తాడూ గొలుసూ కట్టి నెట్టుకొస్తున్నారా? రెండోదైతే బండి తీసుకుని వచ్చేయండి. షాకబ్జర్ పైన నట్టు బిగించేటప్పుడు రాడ్ తిరగకుండా దాన్ని పట్టుకారుతో పట్టుకుంటున్నారా? మెరిసే ఆ రాడ్ మీద గీత పడితే లోపలి సీలు చినిగి, కొత్త షాకబ్జర్ కూడా నూనె కారుతుంది.

## కంపెనీ సర్వీసు

బండి వారంటీలో ఉంటే ఇంకో ఆలోచన వద్దు, అక్కడికే పోండి. ఏవి కవర్ అవుతాయో వారంటీ పుస్తకంలో చూసుకుని వెళ్లండి, రబ్బరు బుష్‌లను చాలా కంపెనీలు అరుగుదల కిందే లెక్కేస్తాయి. స్టెబిలిటీ కంట్రోల్, స్టీరింగు సెన్సరు లాంటివి ఉన్న కొత్త బండ్లలో అలైన్‌మెంట్ తర్వాత సెన్సరును మళ్లీ సున్నాకు తేవాల్సి వస్తే ఆ కంప్యూటరు అక్కడ ఉంటుంది. మిగతా వాళ్లకు అదనంగా కట్టే డబ్బుకు వచ్చేది బిల్లు, ఆ బిల్లు మీద కొంత కాలం భరోసా. చేసే చెయ్యి షెడ్డు చెయ్యి కంటే గొప్పదని నేననుకోవడం లేదు.

## నాలుగో దారి

షాకబ్జర్లకు, స్ట్రట్ మౌంట్‌కు నేను ఎవరికైనా చెప్పేది ఈ దారే. స్ట్రట్‌ను ఇంట్లో విప్పి, చేత పట్టుకుని షెడ్డుకు తీసుకెళ్లి, స్ప్రింగు విప్పి బిగించే పని అక్కడ చేయించుకుని, తెచ్చి మీరే బిగించుకోండి.

విప్పడం కష్టమేం కాదు. బ్రేకు హోసు క్లిప్పు, ఏబీఎస్ వైరు ఉంటే దాని క్లిప్పు, లింక్ రాడ్, నకుల్‌కు పట్టే రెండు బోల్టులు, బానెట్ లోపల పైన రెండు మూడు చిన్న నట్లు. నకుల్ బోల్టులు విప్పే ముందు వాటి స్థానాన్ని పెయింటుతోనో, సున్నపు ముక్కతోనో గుర్తు పెట్టుకోండి. కానీ పైన మధ్యలో ఉండే పెద్ద నట్టు మాత్రం ఏ పరిస్థితిలోనూ ముట్టుకోవద్దు. స్ప్రింగును నొక్కిపెట్టి ఉంచేది అదొక్కటే. కంప్రెసర్ లేకుండా దాన్ని విప్పితే స్ప్రింగు తుపాకి గుండులా ఎగురుతుంది, దానితో చేతులు, ముఖం పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అంగట్లో దొరికే చవక కొక్కేల కంప్రెసర్లు కొని ఇంట్లో ప్రయత్నించడం కూడా అనవసరపు సాహసం. షెడ్డులో ఆ పనికి పట్టేది కొద్ది నిమిషాలు, ఇచ్చేది కొద్ది డబ్బు.

దీనిలో ఇంకో లాభం: విడిగా తెచ్చిన స్ట్రట్ చేతిలో ఉంటే మెకానిక్ కూడా మౌంటు, బేరింగు, బంప్ స్టాపు (గుంతలో గట్టి దెబ్బను ఆపే రబ్బరు), దుమ్ము తొడుగు అన్నీ మీకు చూపించి మాట్లాడతాడు. బండి షెడ్డు లోపలికి పోయాక ఆ అవకాశం ఉండదు. షాకబ్జర్ మారుస్తున్నప్పుడు పాత మౌంటు, బంప్ స్టాపు తిరిగి వేయడం పొదుపు కాదు, అదే పని మళ్లీ విప్పాల్సి వస్తుంది.

## ఏ మాలు కొనాలి

ఇక్కడ కూడా మొదటి ప్రశ్ననే పట్టుకోండి. తెగితే చక్రం పోయే భాగాలు, అంటే బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్, వీటికి కంపెనీ ఒరిజినల్ లేదా పేరున్న తయారీదారు మాలు తప్ప ఇంకోటి వద్దు. స్టీరింగు, బాల్ జాయింట్లకు రాణే, షాకబ్జర్లకు గాబ్రియల్, మన్రో లాంటివి బజారులో తేలిగ్గా దొరుకుతాయి. వీటిలో కొన్ని కార్ల కంపెనీలకు కూడా సరఫరా చేసేవే, కాబట్టి ఒరిజినల్ కంటే తక్కువ అని భయపడక్కర్లేదు.

లింక్ రాడ్‌కు పేరున్న ఏ బ్రాండైనా చాలు. పేరు లేని లోకల్ రాడ్లు ఎందుకు త్వరగా పోతాయంటే, మన దగ్గర జాయింట్లను చంపేది నీళ్లకంటే దుమ్ము. రబ్బరు తొడుగు ఎండకు పగిలిందంటే లోపలికి ఎర్రమట్టి దుమ్ము చేరి, గ్రీజుతో కలిసి సానరాయిలా అరగదీస్తుంది. లోకల్ మాలులో లోహం బాగానే ఉండొచ్చు, ఆ తొడుగే నాసిరకం. కొనేటప్పుడు తొడుగును వేళ్లతో సాగదీసి చూడండి, మెత్తగా సాగి వెనక్కి రావాలి.

సెకండ్ హ్యాండ్ షాకబ్జర్లు, ఆర్మ్‌లు వద్దు. బెంగళూరు జేసీ రోడ్డు, శివాజీనగర్ వైపు నుంచి తెప్పించుకునేవాళ్లున్నారు. బాడీ భాగాలకు, లైట్లకు అది మంచి దారి. అరిగే భాగాలకు కాదు. పాతది ఇంకెంత మిగిలి ఉందో చూసి చెప్పగలిగే మార్గం లేదు, యాక్సిడెంటు బండిలోంచి తీసిన ఆర్మ్ కంటికి కనపడనంత వంగి ఉండొచ్చు. కొత్త మాలే మన ఊళ్లో స్టాకు లేకపోతే జేసీ రోడ్డు అంగడికి పార్టు నంబరు చెప్పి బస్సు పార్సిల్‌లో తెప్పించుకోవడం సులువు, బెంగళూరు మనకు 200 కిలోమీటర్ల పైచిలుకే.

పార్టు నంబరు అంటే గుర్తొచ్చింది. "స్విఫ్ట్ లోయర్ ఆర్మ్ ఇవ్వండి" అంటే సరిపోదు. ఒకే పేరుతో మూడు నాలుగు తరాల బండ్లు రోడ్డు మీద ఉన్నాయి. ఛాసిస్ నంబరుతో అడగండి. పెట్టె మీద పార్టు నంబరు, ఎంఆర్‌పి, తయారీ నెల చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి, అంతకుముందు 28 శాతం జీఎస్టీ ఉన్న ఆటో విడిభాగాలు 18 శాతంలోకి వచ్చాయి. పాత ధర స్టిక్కరుతో ఉన్న పెట్టె ఇస్తే కొత్త ధర అడగడానికి మొహమాటపడొద్దు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది కాబట్టి స్పేర్లు ఇక్కడ చౌకగా దొరుకుతాయని కొందరి ఆశ. ఫ్యాక్టరీ కట్టేది కొత్త బండ్లు. స్పేర్లు ఇక్కడైనా ఎక్కడైనా ఒకే ఎంఆర్‌పికి వస్తాయి.

## బుష్ ఒక్కటా, ఆర్మ్ మొత్తమా

బుష్ ఒక్కటే ప్రెస్ చేయిస్తే మాలు ఖర్చు బాగా తగ్గుతుంది. బాల్ జాయింట్ ఇంకా గట్టిగా ఉండి, ఆర్మ్ వంగకుండా ఉంటే అది సరైన నిర్ణయమే. అయితే బుష్‌లో కోతలు, రంధ్రాలు ఉంటే అవి ఏ దిక్కుకు ఉండాలో ఒక లెక్క ఉంటుంది. పాతది తీసే ముందు ఆర్మ్ మీద గుర్తు పెట్టమనండి, లేకపోతే కొత్త బుష్ తిరగేసి దిగుతుంది. బాల్ జాయింట్ తొడుగు చిరిగి ఉంటే మాత్రం బుష్ మీద ఖర్చు దండగ, ఆర్మ్ మొత్తం మార్చేయండి. లేకపోతే విప్పడం, బిగించడం, అలైన్‌మెంట్ రెండుసార్లు పడతాయి.

ఒక పక్కా, రెండు పక్కలా అన్న ప్రశ్నకు: షాకబ్జర్లు ఎప్పుడూ జతగా. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే బ్రేకులో, మలుపులో బండి రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. లింక్ రాడ్, టై రాడ్ ఎండ్ ఒక పక్కే మార్చినా తప్పులేదు. రెండో పక్క కదిపి చూసి లూజు ఉంటేనే మార్చండి.

## మీరెవరైతే ఏది

రోజూ ధర్మవరమో, గుత్తో ఉద్యోగానికి ఇదే బండిలో పోయేవాళ్లు షెడ్డుకే ఇవ్వండి, కానీ మాలు మీరే కొనివ్వండి. ఇంట్లో మొదలుపెట్టి సోమవారం పొద్దునకు బండి లేకపోతే ఆ నష్టం లేబర్ కంటే ఎక్కువ.

నెలకు నాలుగుసార్లు బండి తీసేవాళ్లు, ఇంకో బైకు ఉన్నవాళ్లు, పనిముట్ల మీద సరదా ఉన్నవాళ్లు లింక్ రాడ్లతో ఇంట్లో మొదలుపెట్టండి. అది సాఫీగా అయ్యాక స్ట్రట్, ఆ తర్వాత లోయర్ ఆర్మ్. టై రాడ్ ఎండ్ చివరికి.

ట్యాక్సీ తిప్పేవాళ్లకు నా మాట వేరే ఉంటుంది. మీకు బండి ఆగిన ప్రతి పూటా నష్టమే. బుష్‌లు చిరిగాక మార్చడం కంటే, టైర్లు మార్చే సమయానికే ముందు భాగమంతా ఒకసారి కదిపి చూపించుకోండి. ఎలాగూ అలైన్‌మెంట్ అప్పుడు పడుతుంది, రెండోసారి కట్టక్కర్లేదు.

నడుము నొప్పి ఉన్నవాళ్లు, ఒంటరిగా పనిచేయాల్సినవాళ్లు ఇంటి దారి వదిలేయండి. బండి కింద పని చేసేటప్పుడు పిలిస్తే పలికే మనిషి పక్కన ఉండాలి.

అద్దె ఇంట్లో, అపార్ట్‌మెంట్ సెల్లారులో ఉండేవాళ్లు పని మొదలుపెట్టే ముందు పక్క ఫ్లాటువాళ్లకు ఒక మాట చెప్పడం మంచిది. ఆదివారం పొద్దున సుత్తి శబ్దం ఎవరికీ నచ్చదు.

## పని అయ్యాక

వీల్ నట్లు నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి టార్క్ పానాతో చూడండి. మొదటి రౌండు ఊరి బయట ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోయి, ఒకసారి గట్టిగా బ్రేకు వేసి, రెండు వైపులా పూర్తిగా తిప్పి రండి. పాత చప్పుడు పోయి కొత్తది వస్తే ఏదో నట్టు చివరి బిగింపు మరిచారని అనుకోవాలి.

టై రాడ్ ఎండ్ మార్చినవాళ్లు పాతది ఎన్ని చుట్లు తిప్పితే ఊడిందో లెక్కపెట్టి, కొత్తది అన్ని చుట్లే ఎక్కించి ఉంటే అలైన్‌మెంట్ సెంటరు దాకా బండి తిన్నగా పోతుంది. అయినా అక్కడికి పోవడం మానొద్దు. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పితే బండి బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది, టైరు ఒక అంచు మాత్రం కొన్ని వేల కిలోమీటర్లలో నున్నగా అరిగిపోతుంది, అది లోపలి అంచైతే బయటి నుంచి కనపడదు కూడా. టైర్లలో గాలి ముందే సరిచూసుకుని వెళ్లండి. సెట్ చేయకముందు, చేశాక రెండు కొలతలూ ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి, స్టీరింగు నడుమ ఉందో లేదో ఒక రౌండు కొట్టి చూసుకున్నాకే డబ్బులివ్వండి.